కుక్క పండ్ల పాచి

కుక్క నోటికంపు సహజమని పెక్కురు తలంతురు. అది తరచుగా చిగుళ్ల వ్యాధికి సూచన. పెరిగిన కుక్కకు 42 పండ్లుండును. వానిపై నిత్యము పేరుకొను మెత్తని పాచి కొలది దినములలోనే లాలాజలమందలి లవణములతో గట్టిపడి గార యగును. పాచి తుడిచిన పోవును. గార బ్రష్షునకు లొంగదు. కావున ప్రతిదినమును తోమవలెను.

మా కుక్కకు మొదటి వారము నేను బ్రష్షు చూపనే లేదు. వ్రేలికి తడిగుడ్డ చుట్టి, పెదవి యెత్తి, చిగుళ్ల నంటి విడిచితిని. పిదప పసిబిడ్డల మెత్తని బ్రష్షు చేపట్టితిని. నోరు తెరపించి పెనుగులాడ నక్కరలేదు. బుగ్గవైపు తోమిన చాలును. పై దవడ వెనుకటి పెద్దపండ్ల యొద్ద లాలాజల నాళము తెరచుకొనును గనుక గార యచటనే దట్టముగా పట్టును. నా శ్రమలో సగ మక్కడనే.

మనము వాడు పేస్టు పనికిరాదు. కుక్క ఉమ్మివేయ నేరదు, మ్రింగును. కొన్ని పేస్టులలోని జైలిటాల్ అను తీపిపదార్థము దాని రక్తమందలి చక్కెరను హఠాత్తుగా దించి ప్రాణము తీయగలదు. కుక్కలకై చేసిన పేస్టు దొరకనిచో వట్టి నీళ్లే మేలు. ఎముక నమలిన పండ్లు శుభ్రపడునని మా పొరుగువారి వాదము. గట్టి యెముక వలన పన్ను చీలుటయు కలదు. నాకది సమ్మతము గాదు.

చిగుళ్లు నెత్తురోడినను, అన్న మొకవైపుననే నమలుచున్నను పశువైద్యునికి చూపుడు. నొప్పి యున్నను కుక్క తోక యాడించుచునే యుండును. వైద్యుడు మత్తిచ్చి, చిగురు క్రింది గారను సైతము తీయును.