ఇంటికి చేరిన బిడ్డ – మన బాధ్యత



అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్ పంపుతూ నేటి ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాము.

మహల్లాలో ఎవరి బిడ్డయినా ఆసుపత్రిలో చేరితే మనం పరామర్శకు వెళతాము, దుఆ చేస్తాము. డిశ్చార్జి అయిన నాడు ‘అల్‌హమ్దులిల్లాహ్’ అంటాము. మన రాకపోకలు అంతటితో ఆగిపోతాయి. కాని కొందరు పిల్లల విషయంలో అసలు శ్రమ ఆనాడే మొదలవుతుంది. ముక్కు గొట్టం ద్వారా పాలు పట్టవలసిన పసికందు, మందు వేళ తప్పితే మూర్ఛ వచ్చే బాలుడు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించవలసిన తలసేమియా బాలిక – వీరి ఇళ్ళలో తల్లే నర్సు. ఆసుపత్రిలో పలువురు వంతులవారీగా చేసిన సేవను ఇక్కడ ఆమె ఒక్కతే రేయింబవళ్ళు చేయాలి.

దైవప్రవక్త (స) సుదీర్ఘంగా నమాజు చేయాలని నిలబడి కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి తల్లడిల్లుతుందని తలచి నమాజును కుదించేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఆమె వచ్చి అడిగేవరకు ఆయన వేచి ఉండలేదు. బిడ్డ ఏడుపులోనే తల్లి వేదనను గ్రహించారు.

‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనడం మనకు తేలిక. నోరు తెరచి అడగడం వారికి కష్టం. కనుక అడగకముందే పనులు పంచుకుందాము. ఒక ఇంటి నుంచి వారానికొకనాడు భోజనం వెళ్ళాలి. ఒకరు చెకప్ రోజున ఆటో ఏర్పాటు చేయాలి. యువకులు రక్తదాతల జాబితా సిద్ధం చేయాలి. ఒక సోదరి ఆసుపత్రి సిబ్బంది వద్ద బిడ్డ సంరక్షణ నేర్చుకుంటే, ఆ తల్లి రెండు గంటలు నిద్రపోగలదు. మందుల ఖర్చు నెలనెలా ఉంటుంది. మన సదఖా రమజాన్ కోసం ఆగనక్కరలేదు.

చదువుకున్నవారు దరఖాస్తులు నింపిపెట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియాతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మస్తిష్క పక్షవాతం, ఆటిజం వంటివి ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తోంది. ఇవి తెలియక ఎన్ని కుటుంబాలు అప్పులపాలవుతున్నాయో!

మన నాలుకలను కూడా అదుపులో ఉంచుకుందాము. ‘ఏ పాపం చేశారో’ అనే మాట ఆ తల్లి గుండెను చీలుస్తుంది. దైవప్రవక్త (స) తన పసికుమారుడు ఇబ్రాహీమ్ చివరి ఘడియల్లో కన్నీరు కార్చారు. ప్రవక్త ఇంటికే వచ్చిన పరీక్షను పాపఫలమని అనగల సాహసం మనకుందా?

నమాజు ముగిశాక, మన మహల్లాలో అటువంటి ఇల్లు ఏదో తెలుసుకొనే ఇళ్ళకు వెళదాము. ఏ తల్లీ ఒంటరిగా రాత్రి జాగారం చేయవలసిన అవసరం లేని సమాజంగా అల్లాహ్ మనలను తీర్చిదిద్దుగాక! ఆమీన్.