మోకాలి మాత్ర, కడుపు ఖాతా

(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ఎంబీఏ చదివి అప్పుల ఫైళ్లు చూసుకునే మనిషిని. నన్ను మాట్లాడమన్నది మా అమ్మకు జరిగింది తెలిసిన మిత్రులు.

అమ్మకు డెబ్బై దాటాయి. తను తెనాలిలో, నేను నాగపూర్‌లో. మోకాళ్ల అరుగుదలకు ఒక ఎముకల డాక్టరు ఎసిక్లోఫెనాక్ రాశారు. కొన్ని నెలలకు నడుము నొప్పి అని ఇంకొకరి దగ్గరకు వెళ్తే ఆయన డైక్లోఫెనాక్ రాశారు. స్ట్రిప్పుల రంగులు వేరు, మందుల పని ఒకటే. వీటికి తోడు గుండె కోసం రోజూ ఆస్పిరిన్ 75. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. మన దగ్గర ఒకే పార్టీకి రెండు బ్రాంచీలు ఒకరికి తెలియకుండా ఒకరు అప్పిస్తే ఇన్‌స్పెక్షన్‌లో పట్టేస్తాం. అమ్మ బిల్లులన్నీ క్లెయిముకు పంపింది నేనే. మొత్తాలు సరిచూశాను, మందుల పేర్లు చూడలేదు.

ఫోనులో "కడుపులో మంటగా ఉంటోంది నాన్నా" అనేది. మజ్జిగ తాగు, గ్యాస్ మాత్ర వేసుకో అనేవాణ్ణి. విరేచనం నల్లగా అవుతోందని మా చెల్లెలితో అన్నదట. ఐరన్ మాత్రల వల్లేలే అనుకున్నారిద్దరూ. ఐరన్‌తో నల్లబడే మాట నిజమే. కానీ తారులా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే లోపల రక్తం కారుతున్నట్టు. వాంతి కాఫీ పొడి రంగులో వచ్చినా అంతే. అప్పుడు ఉదయం దాకా ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మేం ఆగాం. ఒకరోజు స్నానాల గది దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ 7. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనిపించింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. నేను రైల్లో ఉన్నాను.

"అన్నం తిన్నాకే వేసుకున్నాను కదరా!" అన్నది అమ్మ, మంచం మీద నుంచే. మనందరి నమ్మకం కూడా అదే కదా. అక్కడి డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. కీలులో నొప్పినీ వాపునూ పెంచేవి అవే, జీర్ణాశయం గోడకు రక్షణ పొరను నిలబెట్టేవీ అవే. ఈ మాత్రలు వాటి తయారీని ఆపుతాయి. 1971లో ఈ సంగతి బయటపెట్టిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. అంటే మోకాలికి మేలు చేసే పనే కడుపుకు కీడు చేస్తుంది. అదీ రక్తం ద్వారా. కాబట్టి ఇంజెక్షన్ తీసుకున్నా ముప్పు తప్పదు. తిని వేసుకుంటే మంట తగ్గవచ్చు, పుండు పడదన్న హామీ లేదు. చాలామందికి ముందుగా కడుపు నొప్పి కూడా రాదు. నోటీసు ఇవ్వని ఖాతా ఇది.

అరవై అయిదు దాటినవారికి, పూర్వం అల్సర్ వచ్చినవారికి, ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఎక్కువ. నొప్పి మాత్ర తప్పనిసరైతే కడుపుకు రక్షణగా ప్యాంటోప్రజోల్ వంటిది కావాలా అని డాక్టర్ని అడగండి. దాన్ని టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. మా అమ్మ టిఫినయ్యాక, కాఫీ కూడా అయ్యాక, గుర్తొస్తే వేసుకునేది. గులాబీ రంగు సిరప్పులు మంటను చల్లార్చగలవు, పుండును ఆపుతాయని నమ్ముకోవద్దు.

ఇంకొకటి. ఇంటికొచ్చాక అమ్మ భయపడి మాత్రలన్నీ మానేస్తానంది. గుండె ఆస్పిరిన్ అలా సొంతంగా ఆపకూడదు. దాన్ని ఏం చేయాలో గుండె డాక్టరు, కడుపు డాక్టరు మాట్లాడుకుని తేల్చారు. మోకాళ్లకు ఇప్పుడు పైపూత జెల్, అవసరమైతే పారాసిటమాల్, రోజూ కుర్చీలో కూర్చుని కాళ్లు చాపే వ్యాయామం. జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువట. పారాసిటమాల్‌కూ లెక్క ఉంది. చాలా నొప్పి మాత్రల్లో, జలుబు మాత్రల్లో అది ముందే కలిసి ఉంటుంది. స్ట్రిప్పు మీద బ్రాండు పేరు కాదు, మందు పేరు చదవండి.

నొప్పి అంతా పోయిందని చెప్పను. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ "అబ్బా" అంటుంది. పక్కింటి పిన్నిగారు మంచి మాత్ర ఉందని తెస్తే మాత్రం, బీరువా తలుపుకు అంటించిన కాగితం చూపిస్తుంది. ఏ మందు, ఎవరు రాశారు, ఎప్పటి దాకా అని మా చెల్లెలు రాసిన కాగితం అది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా దాని నకలు సంచిలో ఉంటుంది.

మీ ఇంట్లోవాళ్లు వాడే స్ట్రిప్పులు తెమ్మని సర్క్యులర్‌లో రాశాం. తెచ్చినవాళ్లు ఈ బల్ల మీద పెట్టండి. డాక్టరు గారు భోజనాల దాకా ఇక్కడే ఉంటారు. ముందు పెద్దవాళ్లను రానివ్వండి.