ఉత్తరము, దానిపై నోటు



కేంద్ర సచివాలయములో ఫైలునకు రెండు ప్రధాన భాగములు గలవు. ఒకటి ఉత్తర ప్రత్యుత్తరములు, రెండవది నోటు. వచ్చిన ఉత్తరము వచ్చినట్లే నిలువవలెను; దానిపై ఆలోచన వేరు కాగితముపై సాగవలెను. నోటు క్రింద అసిస్టెంటు ఎడమప్రక్కను, అధికారి కుడిప్రక్కను తేదీతో సంతకము చేయుదురు. నోటులో పొరపాటు దొరలినచో దానిపై కాగితము అతికింపక, మొదటి నోటును అట్లే యుంచి మరియొక నోటు వ్రాయవలెనని కార్యాలయ విధాన గ్రంథము చెప్పుచున్నది.

ఉత్తరము ఈ-మెయిలు రూపము దాల్చిన పిమ్మట ఈ ధర్మము నిలిచినదా?

అమెరికాలోని ర్యాండ్ సంస్థలో 1979లో బ్రూస్ బోర్డెన్ ఎం.హెచ్. అను మెయిలు వ్యవస్థను నిర్మించెను. నేడది ఎన్.ఎం.హెచ్. అను పేర వాడుకలో నున్నది. అందు ప్రతి ఉత్తరమును ఒక ప్రత్యేకమైన ఫైలు. ప్రతిదానికిని క్రమసంఖ్య యుండును. కమాండు లైనులో 'ఆన్నో' అను ఆజ్ఞను, ఉత్తరము సంఖ్యను, నోటు మాటలను టైపు చేసినచో ఆ నోటు ఉత్తరము తలభాగమున చేరును. అసలు విషయము మారదు. తేదీని యంత్రమే వేయును. జవాబు వ్రాయునపుడు కోరినచో, జవాబు వెళ్లిన గుర్తు సైతము పాత ఉత్తరముపై పడును.

సౌకర్యము గొప్పదే. కాని వ్రాసినవారి పేరును ఆ ఆజ్ఞ తనంత తాను వేయదు. అదే ఆజ్ఞతో వ్రాసిన నోటును తొలగింపనూ వచ్చును. సొంత ఉత్తరములకు ఇది లోపము కాదు. పదిమంది చేతులు మారు ప్రభుత్వ వ్యవహారమునకు మాత్రము చాలదు. అందువలననే జాతీయ సమాచార కేంద్రము రూపొందించిన ఈ-ఆఫీసులో పసుపు నోటు చిత్తుప్రతి, దిద్దుకొనవచ్చును. నిర్ధారించి పంపిన ఆకుపచ్చ నోటు మార్చరానిది.

ఇది కేవలము పద్ధతి కొరకైన పట్టుదల కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము 'సమాచారము' అను మాటను నిర్వచించుచు ఈ-మెయిళ్లను, అభిప్రాయములను, సలహాలను పేరుపేరున పేర్కొన్నది. శ్రీకాకుళముననో, కర్నూలుననో ఒక వితంతువు తన కుటుంబ పింఛను ఏల నిలిచినదని అడిగినచో, ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున ఆపిరో నోటే చెప్పవలెను. అప్పటికి వ్రాసిన అధికారి బదిలీయై యుండవచ్చును, పదవీ విరమణయు చేసియుండవచ్చును.

కావున మెయిలుపై నోటు వ్రాయువారు తేదీతో పాటు తమ పేరును వ్రాయుట, తప్పు తెలిసినపుడు తుడుపక రెండవ నోటు చేర్చుట నేర్వవలెను. తుడిచివేసిన నోటు అధికారి తప్పును దాచును. దానితోపాటు అర్జీదారునకు దక్కవలసిన సమాధానమును కూడ దాచును.