చిత్రముపై వ్రాత



ఆంగ్ల నవలారచయిత్రి షార్లెట్ బ్రాంటీ రూపమును జార్జి రిచ్మండు 1850లో సుద్దతో చిత్రించెను. అది ఆమె తండ్రి యింట నుండి, పిదప భర్త మరణశాసనము మూలమున, 1906లో లండను నేషనల్ పోర్ట్రెయిట్ గేలరీకి చేరెను. అదే సంవత్సరము గేలరీవారు ఆమెదేయని నమ్మి మరొక నీటిరంగుల చిత్రమును కొనిరి. దానిపై పాల్ ఎజే అను సంతకమును, 1850 అను తేదీయు నుండెను. బ్రస్సెల్సులో ఆమెకు చదువు చెప్పినవారు ఎజేగారే. అందుచే నమ్మకము కుదిరెను. కాని గురువుగారి పేరు కాన్‌స్టాంటిన్. పాల్ ఆయన కుమారుడు, 1846లో జన్మించినవాడు. ఆ పసివాడు అట్టి చిత్రమును వ్రాయగలడా?

నేడు ఆ చిత్రము అజ్ఞాత స్త్రీదిగా పరిగణింపబడుచున్నది. షార్లెట్‌కు రిచ్మండు చిత్రము మిగిలినది. ఆ స్త్రీకి మాత్రము తన పేరింకను దొరకలేదు. తప్పు పేరు తుడుచుట సగము న్యాయమే. నిజమైన పేరు వెదకుట తక్కిన సగము.