రికార్డులకెక్కని ఆతిథ్యం
(ప్లాటినమ్ జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బరంపురం ప్రక్కగా సాగే జాతీయ రహదారి ఇక్కడి బిడ్డలందరికీ పరిచితమే. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తా నగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజిలో అది ఒక భాగం. లారీలు, బస్సులు అలసిపోయే ఆ మహామార్గాన్ని ఒక మహిళ తన కాళ్ళతో పరుగెత్తి చుట్టివచ్చారు. ఆమె పేరు సూఫియా ఖాన్. స్వస్థలం రాజస్థాన్‌లోని అజ్మీరు.

2019లో ఆమె శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు 4,035 కిలోమీటర్లు 87 దినాలలో పరుగెత్తారు. మానవత, ఏకత్వం, శాంతి, సమానత్వం ఆ పరుగుకు ధ్యేయాలు. తరువాత 2020 డిసెంబరు 16న ఢిల్లీలో బయలుదేరి, చతుర్భుజిని చుట్టి, 2021 ఏప్రిల్ 6న మరల ఢిల్లీ చేరారు. మొత్తం 6,002 కిలోమీటర్లు. ఇంచుమించు 111 దినాలు. విద్యార్థులు భాగించి చూస్తే దినానికి 54 కిలోమీటర్లని తేలుతుంది. మారథాన్ పరుగు 42 కిలోమీటర్ల చిల్లర మాత్రమే. అంతకు మించిన దూరాన్ని ఆమె ఉత్తరాది చలిలో ఆరంభించి, ఎండలు ముదిరేవరకు సగటున ప్రతిదినమూ పరుగెత్తారు. గిన్నిస్ గ్రంథం ఆ ఘనతను నమోదు చేసింది.

అయితే ఆ గ్రంథంలో కనిపించేది ఒక్క పేరే. ఇంత దూరం పరుగెత్తే దేహానికి గుక్కెడు నీరు, చిటికెడు ఉప్పు, వేళకు అన్నం, రాత్రి నడుము వాల్చడానికి చోటు కావాలి. వెంట ఉన్న చిన్న బృందం అన్నిటినీ మోయలేదు. దారిలో ఎందరో తమకు ఆశ్రయమిచ్చారని, చిన్న పట్టణాల పరుగుగాండ్రు, సైకిలు సవారులు కొంత దూరం తోడు వచ్చి ధైర్యం చెప్పారని ఆమె స్వయంగా తెలిపారు. అది కరోనా కాలమన్న సంగతి మరువరాదు. మనిషిని చూచి మనిషి వెనుకంజ వేసిన రోజులవి. అటువంటి వేళ అపరిచితులకు తలుపు తీయడం సామాన్యమైన సాహసం కాదు. ఆ ఇండ్ల లెక్క ఏ రికార్డులోనూ లేదు.

తెలుగునాట ఈ ధర్మానికి డొక్కా సీతమ్మగారు (1841–1909) నిలువెత్తు రూపం. గోదావరి లంకలలోని గన్నవరంలో ఆమె వేళాపాళా, కులమూ గోత్రమూ చూడక బాటసారులకు అన్నం పెట్టారు. ఒకమారు అంతర్వేది యాత్రకు బయలుదేరిన ఆ తల్లి, ఆకలిగొన్న పెండ్లివారు తన యింటికే వస్తున్నారని దారిలో విని, దైవదర్శనం మాని వెనుదిరిగారని గోదావరి సీమలో నేటికీ చెప్పుకుంటారు. వచ్చేవారు ఎవరో ఆమెకు తెలియదు. ఆకలితో ఉన్నారని మాత్రమే తెలుసు.

ఇక్కడి తెలుగువారికి ఈ విషయం మరింత దగ్గరిది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో చేరినప్పుడు, ఇల్లు కదలకుండానే వారు అన్యభాషా రాష్ట్ర వాసులైనారు. సరిహద్దు గీత ఒక్కనాటిలో కొత్తవారిని చేస్తుంది. మరల అయినవారిని చేసేది ఇరుగుపొరుగుల మంచితనమే. ఒడియా వారి సహవాసంలో తెలుగు అక్షరం దిద్దించే ఈ పాఠశాలయే అందుకు సాక్ష్యం.

కొత్తవారితో జాగ్రత్తగా ఉండమని పెద్దలు పిల్లలకు చెప్పడం న్యాయమే. కాని జాగ్రత్త వేరు, నిర్దయ వేరు. దాహమన్నవారికి చెంబెడు నీళ్ళివ్వడానికి, దారి తప్పినవారికి త్రోవ చూపడానికి, ఇంటి పెద్దలను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టడానికి భయపడవలసిన పని లేదు. 6,002 కిలోమీటర్లు పరుగెత్తే శక్తి కోటికి ఒకరికి ఉంటుందేమో! అటువంటివారు గడప ముందుకు వచ్చిన నాడు తలుపు తీసే శక్తి ఈ సభలోని ప్రతి బిడ్డకూ ఉన్నది. ఆ విద్య కూడా ఈ బడిలో నిరంతరం వర్ధిల్లుగాక!

స్వస్తి.