107వ అంతస్తులో అన్నం



అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూచి వచ్చిన తల్లిదండ్రులు కొందరు ఒక సందేహం వెలిబుచ్చుతూ ఉంటారు. "ఆకాశాన్నంటే మేడపైన భోజనానికి పిల్లలు ప్రేమతో తీసుకొని వెళతారు. ఒక్క పూటకయ్యే వెల మనకు నెల సరుకులకు సరిపోతుంది. అక్కడ తినడం దోషమా?" అని. వడ్డించినది మనం తినదగిన పదార్థమేనా అని విచారించి తినండి. అంతకు మించి నిషేధం నేను చెప్పబోను. అయితే అటువంటి భోజనశాల ఒకదాని వృత్తాంతం ఆలకించండి.

న్యూయార్క్ మహానగరంలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర సౌధం పైన, 106, 107వ అంతస్తులలో, 1976లో 'విండోస్ ఆన్ ది వరల్డ్' ఆరంభమైనది. లోకాన్ని చూపే గవాక్షములని ఆ పేరుకు భావం. సుమారు 1,300 అడుగుల ఎత్తున కూర్చున్నవారికి హడ్సన్ నది, ఓడరేవు, మహానగరం సమస్తం పాదాల క్రింద కనిపించేవి. ప్రధానశాలలో కోటు ధరించనిదే పురుషులకు ప్రవేశం లేదు. 1993 ఫిబ్రవరిలో ఆ సౌధం అడుగున బాంబు ప్రేలగా మూతపడి, 1996లో మరల తెరువబడినది. 2000లో అమెరికా దేశంలోకెల్లా అత్యధిక రాబడి గల భోజనశాల అదే.

2001 సెప్టెంబరు 11వ తేదీ ఉదయం 8 గంటల 46 నిమిషాలకు విమానం 93 మొదలు 99 వరకు గల అంతస్తులలోనికి దూసుకొని పోయినది. మెట్లదారులు మూడూ తెగిపోయినవి. పైన అల్పాహారవేళ. అతిథులతోపాటు వండేవారు, వడ్డించేవారు, పాత్రలు కడిగేవారు ఉన్నారు. 10 గంటల 28 నిమిషాలకు సౌధం కూలినది. పైనున్న వారిలో ఒక్కరూ బ్రతుకలేదు. ఆ భోజనశాల పనివారే డెబ్బైమందికి పైగా మరణించారు. బంగ్లాదేశ్, మెక్సికో, ఈక్వెడార్ వంటి దేశాలనుండి పొట్టచేతపట్టుకొని వచ్చినవారు వారిలో అనేకులు.

ప్రధాన పాచకుడు మైకేల్ లొమొనాకో కళ్ళజోడు పని మీద క్రింద ఆగినందువలన బ్రతికినాడు. ఇది వినగానే "దైవం కాపాడినది" అనడం మనకు అలవాటు. తొందరపడి అనకండి నాయనా! ఆ మాట అంటే, పైన పొయ్యి ముందు నిలుచున్నవానిని దైవం విడిచినదని కూడ అనవలసి వస్తుంది. అంత మాట అనడానికి మనమెవరం?

భోజనానంతరం "అన్నదాతా సుఖీభవ" అంటాము కదా! ఆ అన్నదాత ఎవరు? మేడమీద బిల్లు చెల్లించిన కుమారుడేనా? డబ్బు చెల్లించగానే ఋణం తీరినదనుకొంటాము. పళ్ళెం తెచ్చిన చేతిని చూస్తాము గాని, ఆ చేయి గలవాని ముఖం చూడము. నేలమీది పూటకూళ్ళ ఇంటిలోనూ ఇంతే. మన ఇంటి పెళ్ళి విందులో వంటవానిని "తిన్నావా?" అని అడిగిన గృహస్థులు ఎందరు?

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొన్నాడు. అటుపిమ్మట ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందాన్ని చేరినాడు. అంత ఎత్తుకు చేరిన తరువాత ఆ గ్రంథం మనలను ఎక్కడికి తీసుకొని పోతుంది? మళ్ళీ అన్నం దగ్గరకే. అన్నాన్ని నిందింపరాదు, పారవేయరాదు, ఆశ్రయం కోరి వచ్చినవానిని త్రిప్పి పంపరాదు అని వ్రతాలు విధిస్తుంది. శిఖరం ఎక్కినవానికే ఈ నియమాలు చెప్పబడినవి, గమనించండి. కనుక ఆ తల్లిదండ్రులకు నా మనవి: అక్కడకు వెళ్ళినపుడు వడ్డించినవానిని పేరడగండి, ఏ ఊరినుండి వచ్చినాడో అడగండి. తినలేనిది తెప్పించుకొని విడిచిపెట్టకండి.

ఆ ఉదయం పనివేళ కానందున బ్రతికి, ఉపాధి కోల్పోయిన సేవకులు కొందరు చేతులు కట్టుకొని కూర్చోలేదు. 2006లో అదే నగరంలో 'కలర్స్' అను భోజనశాలను సహకార పద్ధతిన నెలకొల్పినారు. అది మేడమీద కాదు, వీధి ప్రక్కనే ఉండేది. అందులో వండినవారే, వడ్డించినవారే భాగస్వాములుగా ఉండేవారు.