భూగోళము - బాల్యదశ

బాలసూర్యుని చుట్టును పరిభ్రమించుచుండిన ధూళివాయుమండలమందలి కణములు ఒండొంటిని తాకి, అంటుకొని, శిలాఖండములై, ఆ ఖండములు పరస్పరాకర్షణచే కూడి క్రమముగా గోళరూపము దాల్చుటచే మన భూమి యేర్పడెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. 1956లో క్లెయిర్ పాటర్సన్ అను అమెరికా శాస్త్రవేత్త, ఉల్కాశిలలలోని సీసమును పరీక్షించి, భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని తేల్చెను.

ఆదిలో ఈ గోళము సంఘాతములవలనను, రేడియోధార్మిక పదార్థములవలనను పుట్టిన తాపముచే ద్రవీభూతమై యుండగా, బరువైన ఇనుము, నికెల్ లోహములు అడుగునకు దిగి భూగర్భమై నిలిచెను; తేలికయైన శిలాద్రవము పైకి తేలి, చల్లారి, గట్టిపడెను. అంగారకునంతటి మరియొక గోళము ఢీకొనగా ఎగసిన శకలములనుండియే చంద్రుడు జనించెనని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ యందు లభించిన, సుమారు 440 కోట్ల ఏండ్లనాటి జిర్కాన్ స్ఫటికము, అంత పూర్వమే భూమిపై జలముండెనని సూచించుచున్నది.

కాలక్రమమున ఆ జలములయందు సూక్ష్మజీవులు వర్ధిల్లెను. వానిలో నీలిహరిత జీవులు సూర్యరశ్మితో ఆహారము సమకూర్చుకొనుచు, ప్రాణవాయువును విడిచి, సుమారు 240 కోట్ల ఏండ్ల క్రిందట వాతావరణ స్వభావమునే మార్చివైచెను. పిమ్మటి యుగములలో అట్టి జీవుల సాహచర్యమున పొరలుపొరలుగా పేరుకొనిన స్ట్రొమటొలైటు శిలలు మన కడప ప్రాంతమున, వేంపల్లె డోలమైటు రాళ్ళయందు నేటికిని కానవచ్చును.

గనులకును, కట్టడములకును రాతిని త్రవ్వుకొనుచున్న మనము, ఇట్టి శిలాచరిత్రను కొంతయైనను చెక్కుచెదరకుండ కాపాడి, మన బిడ్డలకు అందింపవలెనని ప్రార్థించుచున్నాను.